వైరు కట్టిన తలుపు

లక్సెట్టిపేట నుంచి కరీంనగర్ పోయే ప్రైవేటు బస్సులో నాకు చివరి సీటు దొరికింది. పక్కనే ఎమర్జెన్సీ తలుపు. దాని గడియకు ఇనుప వైరు చుట్టి ఉంది. నా వెనకే ఎక్కిన ఒకావిడ సంచీ కూడా దించకుండా ఆ వైరు విప్పడం మొదలుపెట్టింది.

"గది ముట్టకు అక్కా. తలుపు దడదడ కొట్టుకుంటది, అందరు నన్నే తిడ్తరు" అన్నాడు కండక్టరు.

"నేను దవాఖానల్ల గిసొంటి తలుపులే చెక్ చేస్త భయ్యా. మంటలేస్తే అందరు ఉరికొచ్చేది గీడికే. అప్పుడు వైరెవరు విప్పుతరు?"

వైరు తీసేసి, ఆమె తలుపు ఒకసారి తెరిచి మూసింది. గడియ సరిగ్గానే పడింది, కానీ అంచున వేలు దూరేంత సందుంది. బస్సు కదలగానే మోత మొదలైంది. ముందు సీట్లవాళ్ళు విసుక్కున్నారు. ఆమె తలుపు ఊచ పట్టుకొని తనవైపు గుంజింది. మోత ఆగింది. ధర్మపురి దాటినా చెయ్యి తీయలేదు.

జగిత్యాలలో దిగుతూ వైరు నా ఒళ్ళో పెట్టింది. "గిది మళ్ల వాని చేతికియ్యకు చెల్లె."

బస్సు కదిలింది. నేను ఊచ పట్టుకున్నాను. కండక్టరు వచ్చి చెయ్యి చాపాడు.

"ఇయ్యను" అన్నాను.

"బస్సు మాది మేడం."

"పానం నాది."

ఆ వైరు మీద ఇప్పుడు మా పెరట్లో బీరతీగ పాకుతోంది.