నోరా గారు ఆపేసిన అధ్యాయం

మొన్న పొద్దున దుప్పట్లు తీద్దామని హాట్ ప్రెస్ తలుపు తెరిచాను. వేడినీళ్ళ ట్యాంకు పక్కన బట్టలు ఆరబెట్టుకునే అలమరను మేము వలస వచ్చిన ఈ దేశంలో అలా అంటారు. దుప్పట్ల కిందనుంచి టర్ఫ్ పొగ వాసన వచ్చింది. టర్ఫ్ అంటే ఎండబెట్టిన నల్లమట్టి పెళ్ళలు. చలికి వాటిని పొయ్యిలో కాల్చేది మేము కాదు, పక్కింటి నోరా గారు. చూస్తే ఆవిడ ఇచ్చిన పిల్లల నవల, అట్ట ఊడిపోయి, దుప్పట్ల అడుగున ఉంది. దాన్ని పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. అప్పటికి అరగంట ముందే ఆవిడ మేనకోడలు వచ్చి కబురు చెప్పి వెళ్ళింది. చలికాలం నుంచి కార్లో అనే ఊళ్ళో ఈ మేనకోడలి దగ్గరే ఉంటున్న నోరా గారు ముందురోజు పోయారట. మధ్యాహ్నానికి ఆవిడను ఇక్కడికి, మా ఊరు ట్రాలీలోని సొంత ఇంటికే తెస్తారట. మా అమ్మాయి ప్రిస్సీ స్కూల్లో ఉంది. నాలుగింటికి వస్తుంది. దానికి నేనే చెప్పాలి.

ఇలాంటివి చెప్పడంలో నా చరిత్ర ఏమంత గొప్పది కాదు. నేను ఇక్కడి ఆసుపత్రిలో నర్సుని. కోవిడ్ రోజుల్లో మా ఆయన డేవిడ్ వాళ్ళమ్మకు బాగోలేదని తెనాలి వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుని, రెండో వేవ్‌లో పోయాడు. మా మరిది ఫోన్ చేసి "సీరియస్‌గా ఉంది వదినా" అన్నాడు. మనవైపు చావు కబురు ఎప్పుడూ సగమే చెబుతారు కదా. మిగతా సగం నాకు ఆ గొంతులోనే తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళ ప్రిస్సీకి నేనూ ఆ సగమే చెప్పాను, డాడీ హాస్పిటల్లో ఉన్నాడు, ఫోన్ దగ్గర ఉంచనివ్వరు అని. మా అక్క కూడా "చిన్నపిల్ల తట్టుకోలేదే, ఇప్పుడే చెప్పకు" అంది. రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు గడిపేశాను. సమాధి చేయడం వీడియో కాల్‌లో చూశాను, బాత్రూంలో కుళాయి తిప్పుకుని. పిల్ల రోజూ డాడీకి బొమ్మలు గీసి వాట్సాప్‌లో పంపేది. ఒక్క టిక్కే పడేది.

నోరా గారు నలభై ఏళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేను డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి వంట చేసే గంటలో, పెరటి గోడకు అవతల కుర్చీ వేసుకుని ప్రిస్సీకి ఈ నవల చదివేవారు. రోజుకొక అధ్యాయం. వాన పడితే గొడుగు వచ్చేది కానీ కథ ఆగేది కాదు. బేకరీ నడుపుకునే ఒక కుటుంబం, జబ్బుపడ్డ తండ్రి, ఊరంతా భయపడే ఒక కోపిష్టి ముసలాయన. డేవిడ్ సంగతి ఆవిడకు మొదట్లోనే చెప్పి, పిల్ల దగ్గర అనొద్దని బతిమాలాను. ఆవిడ సోడా రొట్టె చేసి గోడ మీద పెట్టారు.

ఒకరోజు సాయంత్రం పుస్తకం మూసేసి, "వెళ్ళి మీ మమ్మీని పంపు, పెట్" అన్నారట. పిల్లల్ని ముద్దుగా అలాగే పిలిచేవారు. నేను చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళాను.

"తర్వాతి అధ్యాయంలో నాన్న చచ్చిపోతాడు" అన్నారు.

"ఆ పేజీలు వదిలేయండి."

"నా జన్మలో పేజీ వదిలి చదవలేదు. పిల్లలు పట్టేస్తారు. నువ్వు చెప్పేదాకా పుస్తకం నా దగ్గరే ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. "మా బాధ మీకేం తెలుసు" అనేశాను.

ఆవిడకు కోపం రాలేదు. "నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. మా నాన్న నన్ను ఎత్తుకుని శవపెట్టె దగ్గరకు తీసుకెళ్ళి అమ్మ చెయ్యి ముట్టుకోమన్నాడు. చల్లగా ఉంది. చాలా భయమేసింది. కానీ ఆ తర్వాత ఇక గేటు దగ్గర నిలబడి ఎదురు చూడలేదు. నీ కూతురు రోజూ నిలబడుతోంది, నా కిటికీలోంచి కనిపిస్తుంది" అన్నారు.

ఆ పూటే చెప్పాను, వంటగదిలో నేల మీద కూర్చుని. నిద్రపోతున్నాడనీ, దూరం వెళ్ళాడనీ అనలేదు. చనిపోయాడనే అన్నాను. ప్రిస్సీ ఏడవలేదు. "నోరాకి తెలుసా?" అంది. తెలుసన్నాను. "మరి నా బొమ్మలు?" అంది. డాడీ చూడలేదమ్మా అన్నాను. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు నాతో పలకలేదు. చెప్పి తప్పు చేశాననీ, ఆ ముసలావిడ మాట విని ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకున్నాననీ కుమిలిపోయాను.

మూడో రోజు నోరా గారు గేటు బయట దూరంగా నిలబడి, "పెట్టె ఎలాగూ లేదు. ఫోటో ఉందా?" అని అడిగారు. ఆ రోజుల్లో ఇక్కడ అంత్యక్రియలకు ఎక్కువమందిని రానిచ్చేవారు కాదు. అందుకని శవపేటిక వెళ్ళే దారిలో ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి సాగనంపేవారు. ఆవిడ మా వీధిలో ఇంటింటికీ చెప్పి వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ప్రిస్సీ డాడీ ఫోటో పట్టుకుని ముందు నడిచింది, వెనక నేను. పేర్లయినా తెలియని మనుషులు తలలు వంచి నిలబడ్డారు. నోరా గారి గేటు దగ్గర పిల్ల ఆగింది.

"నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు."

"చెప్పలేదు, పెట్. అది మీ మమ్మీ చెప్పాల్సిన మాట. తను చెప్పింది చూడు, అది చాలా కష్టం."

ప్రిస్సీ నావైపు తిరిగి నా పొట్టలో మొహం దాచుకుని ఏడ్చింది. మూడు వారాలు నేను భయపడింది ఆ ఏడుపుకే. ఏడ్చి ఏడ్చి, ఇంటికొచ్చాక ఆకలేస్తోందమ్మా అంది. మర్నాడు నోరా గారు ఆపిన చోటనుంచే మొదలుపెట్టారు. స్టవ్ కట్టేసి నేనూ గోడ దగ్గర కూర్చున్నాను. కథలో తండ్రి పోయాక చల్లారిన పొయ్యిని ఆ కోపిష్టి ముసలాయనే వచ్చి వెలిగించాడు. ఈ పుస్తకం కావాలనే ఎంచుకున్నారా అని తర్వాత అడిగితే, "పిల్లల పుస్తకాల్లో ఎవరో ఒకరు పోతూనే ఉంటారమ్మా" అని నవ్వేశారు.

మొన్న నాలుగింటికి ప్రిస్సీ వచ్చింది. ఇప్పుడు పధ్నాలుగేళ్ళది, నాకంటే పొడుగు. నా మొహం చూసి బ్యాగు దించకుండానే "వాట్?" అంది. 'నోరా గారికి సీరియస్‌గా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు చావలేదు. మింగేసి, "నోరా గారు పోయారమ్మా, నిన్న" అన్నాను. బ్యాగు మెట్ల మీద పడేసి, "ఇంటికి తెచ్చారా? పద వెళ్దాం" అంది.

నోరా గారింటి ముందు గదిలో టర్ఫ్ కాలుతోంది. ప్రిస్సీ తిన్నగా పెట్టె దగ్గరకు వెళ్ళి ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల తెలుగులో "చల్లగా ఉంది మమ్మీ" అంది. తర్వాత నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది. వార్డులో ఎందరివో చేతులు పట్టుకున్నాను. నా మొగుడి చెయ్యి పట్టుకోలేకపోయాను. నాకు ఏడుపు ఆగలేదు.

"డాడీ చెయ్యి కూడా ఇలాగే ఉండుంటుందా?" అని మెల్లగా అడిగింది.

"ఇలాగే ఉండుంటుందమ్మా" అన్నాను.