మా బావ గోటి పరీక్ష

మా బావ ఉద్యోగం లిఫ్టులు పరీక్షించడం. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాడు. పెద్ద భవనాల్లో లిఫ్టు ఎక్కగానే గోడకు ఒక కార్డు కనిపిస్తుంది చూడండి, వరసగా తేదీలు, ఎదురుగా మెలికలు తిరిగిన సంతకం, ఆ సంతకం పెట్టే మనిషి ఆయన. చెడిపోతే బాగుచేసేవాళ్ళు వేరే. నూనె వేసేవాళ్ళు వేరే. మా బావ చూస్తాడు, తల ఊపుతాడు, సంతకం పెడతాడు. ఈమాత్రానికే ఊళ్ళోని లిఫ్టులన్నింటినీ తానే భుజాన మోస్తున్నట్టు బడాయి.

పెళ్ళిచూపులకు మా ఇంటికి వచ్చినరోజు కూర్చోబోయే ముందు కుర్చీని రెండుసార్లు ఊపి చూశాడు. ఆ రోజే మా అక్కతో "వద్దే" అన్నాను. నవ్వింది. నవ్వినందుకు ఇప్పుడు అనుభవిస్తోంది.

రిటైరయ్యాక పరీక్షించడానికి లిఫ్టులు లేక ఇంటిమీద పడ్డాడు. పాలు వాసన చూస్తాడు. కుళాయి బిగిస్తాడు, బిగించిందాన్ని విప్పి మళ్ళీ బిగిస్తాడు. అక్క ఇవేవీ పట్టించుకునేది కాదు. ఆమె కర్టెన్లు కుడుతుంది. ముందుగదిలో పడమటి కిటికీ దగ్గర కుట్టుమిషను, ఆ కిటికీకి బయట ఒక తీగ. నర్సరీవాళ్ళు దానికేదో నోరు తిరగని పేరు చెప్తారు, అక్క మాత్రం బాకాపూల తీగ అంటుంది. వేసవంతా అరచేయంత గులాబీరంగు పూలు. అందం సంగతి అలా ఉంచండి, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సూటిగా ఆ కిటికీలోకి కొడుతుంది. తీగ అల్లుకుని ఉంటేనే ఆమె అక్కడ కూర్చుని సాయంత్రందాకా కుట్టగలదు. ఏడేళ్ళు పెంచింది దాన్ని.

మా దగ్గర చలి పెద్ద చలేం కాదు, ఒక స్వెట్టరుతో పోతుంది. కానీ చలికాలం మొత్తంలో ఓ నాలుగైదు ఉదయాలు గడ్డిమీద మంచు తెల్లగా పేరుకుంటుంది. వేడిదేశపు తీగ కదా, దానికి ఆ నాలుగైదు చాలు. ఆకంతా రాల్చేసి చచ్చినట్టు నటిస్తుంది. అక్కకు దాని నటన తెలుసు. మొదలు చుట్టూ ఎండుటాకులు గుట్టగా పోసి, నీళ్ళు దాదాపు మానేసి, మళ్ళీ ఎండలు ముదిరేదాకా దాని జోలికి పోదు. అంతే వైద్యం.

కిందటి చలికాలంలో అక్క మోకాలికి ఆపరేషను అయింది. మూడు నెలలు గడప దాటొద్దన్నారు. వెనకగదిలో మంచం వేశాం. బావను పిలిచి తీగ అప్పజెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

"ఏవండీ, ఆకులు నేను ముందే పోయించేశాను. పదిహేను రోజులకో చెంబుడు నీళ్ళు పొయ్యండి చాలు. దాన్ని మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకోకపోతే బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు."

తెలియక్కర్లేదట! మా బావకు ఆ మాట ఓ పట్టాన మింగుడుపడలేదు. మర్నాడే ఎవర్నో అడిగి వచ్చాడు. కొమ్మను గోటితో కాస్త గీరి చూడాలి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగుంటే పోయినట్టు. నిజమే, తోట పెంచేవాళ్ళందరూ చేసే పనే. ఎప్పుడో ఒకసారి, ఎక్కడో ఒకచోట. మా బావ ఏకంగా ఒక కార్డు తయారుచేశాడు. గళ్ళు కొట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కిటికీ ఊచకు కట్టాడు. రోజూ ఉదయం ఎనిమిదింటికి ఇస్త్రీచొక్కా తొడుక్కుని వెళ్ళడం, గీరడం, వంగి చూడడం, "పచ్చ" అని రాసి సంతకం పెట్టడం. ఇందుకోసం కుడిచేతి బొటనవేలి గోరు పనిగట్టుకుని పెంచాడు, ఛీ!

ఎవరొచ్చినా ప్రదర్శనే. పేపరు వేసే అతనికి ఒకసారి, పక్కింటావిడకు రెండుసార్లు. నన్నయితే గేటు దగ్గరే ఆపేవాడు.

"చూశావామ్మా, పచ్చగా ఉంది."

"నిన్న కూడా పచ్చగానే ఉందిగా బావా?"

"అది నిన్నటి సంగతి."

"రోజూ ఇలా గీరితే దానికి తోలేం మిగుల్తుంది?"

"నీకేం తెలుసు? ముప్ఫై ఒక్క ఏళ్ళు! నేను సంతకం పెట్టిన ఒక్క లిఫ్టు పడలేదు."

లిఫ్టుకు తోలుండదని ఈ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? అక్కతో చెబుదామనుకున్నాను. నొప్పులతో ఉన్న మనిషి, ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ తప్పు నాదే, ఆయన నెత్తిన రుద్దను.

ఆ తీగకు ఉన్నవే చూపుడువేలంత కాండాలు మూడు. రెండో నెల దాటేసరికి మూడింటికీ చుట్టూరా తోలు ఊడిపోయింది. ఒక సోమవారం కార్డులో "గోధుమ" అని పడింది. మంగళవారం గోధుమ. బుధవారం గోధుమ. గురువారం పొద్దున పలుగు తెచ్చాడు. వరసగా మూడుసార్లు ఫెయిలైతే సర్వీసులోంచి తీసెయ్యాలట, అది రూలట.

నేను గేటు తీసేసరికి తీగ వేళ్ళతోసహా నేలమీద పడి ఉంది. ఆకుల గుట్ట చిందరవందరగా ఉంది. పలుగు చప్పుడు విని అక్క వాకరు పట్టుకుని గుమ్మందాకా వచ్చేసింది. ఎండిన కొమ్మలవైపు చూడనేలేదు. "మొదలు ఇటు తిప్పవే" అంది నాతో. తిప్పాను. ఇన్నాళ్ళూ ఆకుల కింద వెచ్చగా దాగిన చోట, వేరు తలమీద, ఎర్రటి మొలకలు. ఆరు. ఐదు పలుగుదెబ్బకు విరిగి వేలాడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"నేను రోజూ చూశాను" అన్నాడు బావ. "కావాలంటే కార్డు చూడు."

"తెండి" అంది అక్క. తెచ్చి ఇచ్చాడు, అదీ మురిపెంగా! ఆమె పైనుంచి కిందిదాకా వేలుపెట్టి లెక్కపెట్టింది.

"డెబ్బై నాలుగు రోజులు దాన్ని చూశారు. నా మోకాలు ఒక్కరోజు చూశారా?"

బావ కార్డు వెనక్కి తీసుకోబోయాడు.

"లోపలికెళ్ళి ముందు ఆ గోరు తీసేసి రండి. తర్వాత గొయ్యి పూడుద్దురుగాని."

వెళ్ళాడు. తిరిగొచ్చి, ఎవరూ అడక్కుండానే చెయ్యి చాపి నిలబడ్డాడు. అక్క ఆ బొటనవేలు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది. వేరుముక్కను నేనే పాతాను.

మిగిలిన ఒక్క మొలకా బతికింది. ఈ వేసవికి మోకాలెత్తు పెరిగింది, ఒక్క పువ్వు లేదు. కిటికీకి పాత దుప్పటి కట్టుకుని అక్క గుడ్డివెలుతుర్లో కుడుతోంది, మూడు దాటితే ఉక్కకు తట్టుకోలేక లేచి లోపలికెళ్ళిపోతోంది. మొన్న పేపరతను తీగేమైందని అడిగాడు.

"అందరూ పోయిందన్నారయ్యా. నేనే బతికించా" అన్నాడు మా బావ. అంటూనే దానివైపు వంగాడు.

దుప్పటి వెనక మిషను ఆగింది.

"చెయ్యి!" అంది అక్క.

జేబులో పెట్టుకున్నాడు.