తాడు విప్పమన్న ఏడాది

రాక్కమ్మాళ్ చెయ్యి పడని వీపు ఆ ఊళ్ళో తక్కువ. తమిళనాడులో సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ మధ్య నల్లరేగడి పొలాల్లో ఉన్న చిన్న ఊరు అది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మొక్కజొన్న చేలోకి మేకలు తోలినవాణ్ణీ, బస్సులో మీద పడినవాణ్ణీ, కల్తీ విత్తనాలు అంటగట్టిన దుకాణంవాణ్ణీ ఆమె వదల్లేదు. నోటితో మొదలుపెట్టి చేత్తో ముగించేది.

పొన్నుసామి బతికున్న రోజుల్లో అక్క ఇలా లేదని తమ్ముడు తిరుమలసామి అంటాడు. పొన్నుసామి ఆమె భర్త. అతన్ని అడవిపంది చంపింది. తెల్లవారాక చేలో కంకులు విరుగుతున్న చప్పుడు విని లోపలికి వెళ్ళాడు. పంది మొదట తొడ చీల్చింది, కింద పడ్డాక పొట్ట చీల్చింది. కేక విని గట్టు మీదినుంచి పరుగెత్తుకొచ్చిన రాక్కమ్మాళ్ చేతిలో గడ్డపార ఉంది. పంది పారిపోలేదు, ఆమె మీదికీ దూకింది. మొదటి పోటు దాని మెడ పక్కన దిగింది. తర్వాత ఎన్ని పొడిచిందో ఆమెకే తెలియదు. ఊరివాళ్ళు చేరేసరికి పందికి తల అన్నది మిగల్లేదు. ఆమె ఇంకా పొడుస్తూనే ఉంది. వెనకాలే మట్టిలో పొన్నుసామి ప్రాణం పోయి పడి ఉన్నాడు.

"దాన్ని విడిచిపెట్టి ఆయన్ని ఎత్తుకోనుంటే బతికుండునేమోరా" అని ఒకే ఒకసారి తమ్ముడితో అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత చేను కాపలాకు కన్ని అనే వేటజాతి కుక్కపిల్లను తెచ్చింది. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, నల్లటి ఒళ్ళు. కరియ అని పేరు పెట్టింది. చింతబరికెతోనే దాన్ని పెంచింది. కూర్చోకపోతే దెబ్బ, ఆలస్యంగా కూర్చుంటే దెబ్బ, చెప్పకుండా లేస్తే రెండు. కూతురు ఇసక్కిసెల్వి కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోయి సాయంత్రం వచ్చేది. వచ్చీరాగానే కుక్క వీపు మీద తేలిన వాతలకు పసుపు పూసేది.

"దీన్ని చంపేస్తావా అమ్మా?"

"దెబ్బ తెలియకుంటే పందికి ఎదురు నిలుస్తుందా? మీ నాయన మాదిరి పడిపోతుంది."

తిరుమలసామి విరుదునగర్‌లో పప్పుల మిల్లులో పనిచేస్తాడు. అక్కడి కుక్కల సంఘంవాళ్ళు వాసన పోటీ పెడుతున్నారన్న కబురు అతనే తెచ్చాడు. మైదానంలో వరసగా అట్టపెట్టెలు పెడతారు. ఒకదాంట్లో లవంగనూనెలో ముంచిన దూది ఉంటుంది. కుక్కకు తాడు కట్టి పెట్టెల వెంట నడిపించాలి. వాసన ఉన్న పెట్టె ముందు కుక్క కూర్చోవాలి. ఎవరి కుక్క తప్పు లేకుండా, త్వరగా కూర్చుంటే వాళ్ళది గెలుపు.

రాక్కమ్మాళ్ ఇంటి వాకిట్లో పెట్టెలు పేర్చింది. తప్పు పెట్టె దగ్గర కూర్చుంటే బరికె, సరైన పెట్టె దాటితే బరికె. ఆ పోటీలో కరియ బాణంలా పోయి లవంగం పెట్టె ముందు రాయిలా కూర్చుంది. గుంపు ఈలలు వేసింది. ఆమెకు కప్పు ఇచ్చారు. కుక్క తోక కాళ్ళ మధ్య ఇరుక్కుని ఉండటం ఇద్దరే గమనించారు. ఒకరు ఇసక్కిసెల్వి. రెండోవారు న్యాయనిర్ణేతగా కూర్చున్న పశువుల డాక్టరు అభినయ.

మరుసటి ఏడు నిబంధనలు మారాయి. ముందటేడు గెలిచి పెద్ద తరగతికి చేరిన కుక్కలకు తాడు విప్పేయాలి. మైదానంలో ఎక్కడైనా సరే, కుక్కను కొట్టినా మెడ పట్టి గుంజినా అక్కడికక్కడే బయటికి పంపి, ఏడాది నిషేధం వేస్తారు. కుక్క బెదిరిపోయి ముడుచుకుంటే ఆట అక్కడితో ఆపేస్తారు.

"విది మార్చినారక్కా" అన్నాడు తిరుమలసామి. నిబంధననూ తలరాతనూ అక్కడ అలాగే అంటారు.

"నా విది ఎప్పుడో మారిపోయిందిలేరా. కుక్క మాట వింటే చాలు, తాడెందుకు?"

పోటీ రోజు మైదానంలో ఆమె తాడు విప్పింది. కరియ కదల్లేదు. పెట్టెల వైపు చూడకుండా ఆమె కుడిచేతి వైపే చూసింది. ఆ చేతిలో బరికె లేదు, మైదానంలోకి తేనివ్వలేదు. "పో!" అని ఆమె తొడ మీద చరిచింది. కుక్క నేలకు అణిగి ఉచ్చ పోసింది. గుంపులో ఎవరో నవ్వారు. ఆమె అడుగు ముందుకు వేయగానే కరియ లేచి, ఆమె నుంచి ఎంత దూరం పోగలదో అంత దూరం, అవతలి కంచె దాకా పరుగెత్తింది.

ఆ నవ్వు రాక్కమ్మాళ్ చెవిలో ఉండిపోయింది. పెట్టెలు తన్నుకుంటూ పోయి కుక్కను కంచె మూలకు తరిమి, చేతిలోని తాడుతోనే బాదింది. తాడు కొసనున్న ఇనప కొక్కెం కుక్క కనుబొమను చీల్చింది. రక్తం కంట్లోకి కారింది. అభినయ ఎర్రజెండా ఎత్తి పరుగెత్తుకొచ్చి తమిళంలో అరిచింది.

"ఆపండమ్మా! మీరు పోటీలో లేరు! ఆపండి!"

"నా కుక్క! అడిగేదానికి నువ్వెవరే?"

ఇంకో దెబ్బకు చెయ్యి లేచింది. వెనక కంచె, ముందు ఆమె. కరియకు పోవడానికి చోటు లేకపోయింది. ఎగిరి ఆ చేతినే పట్టింది. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు దగ్గరున్నవాళ్ళందరికీ వినిపించింది. ఆమె కింద పడింది. కుక్క వదల్లేదు, తల విదిలిస్తూ లాగింది. జనం కుర్చీలు ఎత్తి కుక్కను మోదారు. ఒక కుర్చీ కాలు తగిలి అభినయ భుజం చిట్లింది. చివరికి తిరుమలసామి పళ్ళ మధ్య కర్ర దూర్చి దవడలు విడదీశాడు. అప్పటికి ఆ కుర్చీల కింద కరియ పక్కటెముకలు కూడా విరిగాయి.

పెద్దాసుపత్రిలో డాక్టర్లు రాక్కమ్మాళ్ చేతికి ఇనప పట్టీలు వేసి కుట్టారు. రెండు వేళ్ళు ఇక ముడవవన్నారు. ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, మనిషిని కరిచిన కుక్కను ఉంచకూడదని. తిరుమలసామి గుంత కూడా తవ్వించాడు.

"నేను వచ్చేదాకా దాన్నెవురూ తాకొద్దు" అంది ఆమె మంచం మీదినుంచి. "నా చేత్తోనే చేస్తా."

కట్టుతో ఇల్లు చేరిన రోజు ఎడమచేత్తో కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఇసక్కిసెల్వి అడ్డం నిలబడితే భుజంతో పక్కకు తోసింది. కరియ గుంజకు కట్టేసి ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర ఎగసిపడుతోంది.

"రా!" అని అరిచింది. "లేచి మీదికి రా! ఆ పొద్దు వచ్చినావే, ఇప్పుడు రా!"

కుక్క లేచింది. మొరగలేదు, పళ్ళు చూపలేదు. ఒళ్ళంతా వణుకుతూ, నొప్పికి మూలుగుతూ, వెనక కాళ్ళు మడిచి ఆమె ముందు కూర్చుంది. లవంగం పెట్టె ముందు కూర్చున్నట్టే, ఆమె నేర్పినట్టే కూర్చుంది.

ఆమె కొడవలి ఎత్తి పట్టుకుని నిలబడింది. కుక్క కదల్లేదు. కాసేపటికి చెయ్యి దానంతటదే కిందికి దిగింది. కొడవలి పడేసి బురదలోనే చతికిలబడి, గొంతు పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూ కుక్కను పిలవలేదు, పొన్నుసామిని పిలిచింది. భర్త పోయినప్పుడు కూడా ఆమె ఏడవగా చూడలేదని పక్కింటివాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

నిషేధం ఏడాదంతా కరియను ఇసక్కిసెల్వే చూసుకుంది. బరికె లేదు. పెట్టె దగ్గర ఆగితే ఎండుచేప ముక్క, ఆగకపోతే ఏమీ లేదు. రాక్కమ్మాళ్ దూరంగా అరుగు మీద కూర్చుని చూసేది. మొదట్లో పళ్ళు కొరికేది. "అట్ల చెప్తే ఎప్పుడు నేర్చుకుంటుందే?" అనేది. తర్వాత తర్వాత అనడం మానేసింది. ఎడమచేత్తో అన్నం పెడితే కరియ వచ్చి తినేది. కుడిచెయ్యి కదిలితే మాత్రం అన్నం వదిలేసి పోయేది. ఇప్పటికీ అంతే.

మళ్ళీ పోటీకి వెళ్ళేసరికి ఇంకో నిబంధన వచ్చింది. కుక్క కూర్చోనక్కర్లేదు. వాసన దొరికిందని అది తన తీరున ఎలా చెప్పినా సరే, దాన్ని చూసి మనిషి "ఇక్కడ" అని చెప్పాలి. కరియను ఇసక్కిసెల్వి తీసుకెళ్ళింది. తల్లి కంచె బయట నిలబడింది. తాడు విప్పగానే కుక్క ముక్కు నేలకు పెట్టి పరుగెత్తింది. మొదటి వరసలో ఒక పెట్టె దగ్గర చెవులు నిక్కాయి. "ఇక్కడ" అంది ఇసక్కిసెల్వి. సరిపోయింది. రెండో వరసలోనూ సరిపోయింది. మూడో వరసలో ఆ పిల్ల తొందరపడి తప్పు పెట్టె చెప్పింది. కప్పు రాలేదు. కానీ కరియ తోక ఊపుతూ బయటికొచ్చింది. ఆ తోక ఊగడం రాక్కమ్మాళ్ మొదటిసారి చూసింది.

అప్పుడే మైదానం అంచున, బండ్లు ఆపిన చోట, ఒక కుక్క కేక వినిపించింది. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన ముత్తురామన్ ఓడిపోయిన తన కుక్కను తాడుతో మెడ బిగబట్టి లారీ చాటుకు లాక్కెళ్ళి పక్కలో తంతున్నాడు. రాక్కమ్మాళ్ ఆ వైపు నడిచింది. ఇసక్కిసెల్వి "అమ్మా, వొద్దు!" అనేలోపే అతని చొక్కా ఎడమచేత్తో పట్టి తల లారీ పక్కకేసి కొట్టింది. మళ్ళీ కొట్టింది. పన్ను ఊడి నేల మీద పడింది. అతను ఆమె కుట్లు వేసిన చేతిని మెలిపెడితే, ఆ చేత్తోనే, ముడవని వేళ్ళతోనే మొహం మీద గుద్దింది. నలుగురు పట్టి లాగితే గానీ వదల్లేదు.

అభినయ వచ్చి మధ్యలో నిలబడింది.

"ఏమ్మా ఇది? మళ్ళీ కొట్టడమేనా?"

"కుక్కను కొట్టలేదు తల్లీ" అంది రాక్కమ్మాళ్ రొప్పుతూ. "నీ విదిలో ఏముందో చూడు."

చూశారు. కుక్కను తన్నినందుకు ముత్తురామన్‌కు ఏడాది నిషేధం పడింది. మనిషిని కొడితే ఏం చేయాలో మాత్రం నిబంధనల్లో ఎక్కడా లేదు. సంఘంవాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. ఆ తర్వాతి ఏడు అదీ చేర్చారు. మైదానంలో మనిషి మీద చెయ్యి చేసుకుంటే ఇక ఎప్పటికీ లోపలికి రానివ్వరు. అక్క కొట్టింది ఆ నిబంధనకు ముందే గదా అని తిరుమలసామి వాదించాడు గానీ ఎవరూ వినలేదు.

"శరిగానే రాసినారు" అంది రాక్కమ్మాళ్.

ఇప్పుడు పోటీ రోజుల్లో ఆమె రోడ్డు అవతల టీ దుకాణం బల్ల మీద కూర్చుంటుంది. మైదానంలో ఏమవుతోందో అక్కడినుంచి కనిపించదు. ఇసక్కిసెల్వి బయటికొచ్చి గెలిచామనో ఓడామనో చెబితే తల ఊపుతుంది. దానికంటే ముందే వంగి కుక్క ఒళ్ళు చూస్తుంది, ఎక్కడైనా దెబ్బ ఉందేమోనని.