ఐతారం లెక్కలోకి రాదు

భస్మ బుధవారం సాయంత్రం ఆరాధన ముగించుకుని, నుదుటి మీద బూడిద గుర్తుతో తార్నాక చౌరస్తాలో మందుల షాపు ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. ఒక చేతిలో మా ఆయన మాత్రల చీటీ, భుజానికి పెద్దవాళ్ల డైపర్ల సంచీ, ముక్కు నిండా హలీమ్ వాసన. ఈ మధ్య కొన్నేళ్లుగా మా శ్రమల దినాలూ రంజానూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తున్నాయి. మేము మాంసం మానేసిన రోజుల్లోనే రోడ్డు పొడుగునా హలీమ్ బట్టీలు వెలుగుతాయి. మమ్మల్ని శోధించడానికి ప్రత్యేకంగా సాతాను రావాల్సిన పని లేదు, హైదరాబాదులో పుట్టించి వదిలేస్తే చాలు.

ఫోన్ చేసింది మా పాస్టరయ్య భార్య. చర్చిలో అందరం ఆమెను అమ్మగారు అంటాం గానీ వయసుకు మా అమ్మాయి కంటే చిన్నది. "వందనాలు ఆంటీ. ఇండ్లల్ల ప్రార్థనల లిస్టు వేస్తున్నం. మీ ఇంట్ల మొదటి ఆదివారం సాయంత్రం పెట్టినం. చానా రోజులైంది గదా మీ ఇంటికొచ్చి, ఓకేనా?" అంది. ఈస్టరు ముందు వచ్చే ఈ నలభై దినాల్లో రోజుకొకరి ఇంట్లో ప్రార్థన పెట్టుకోవడం మా సంఘంలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ముప్పైమంది వస్తారు, చాపల మీద కూర్చుని ప్రభువు శ్రమల పాటలు పాడతారు, అయ్యగారు వాక్యం చెబుతారు, చివరికి చాయ్. వద్దు అని నోటిదాకా వచ్చింది. రేపు చెప్తానమ్మా అని పెట్టేశాను.

ఎందుకు వద్దనబోయానో చెప్పాలి. మా ఆయనకు పక్షవాతం వచ్చి మూడేళ్లు దాటింది. కుడివైపు చెయ్యీ కాలూ రావు. మాట ముద్దముద్దగా, ఎప్పుడో ఒకటి వస్తుంది. నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమస్తాగా రిటైరయ్యాను. రిటైరయ్యాక ఇద్దరం ఊళ్లు తిరగాలనుకున్నాం. ఇప్పుడు మంచానికీ బాత్రూముకూ మధ్య తిరుగుతున్నాం. లేపడం, కడగడం, తినిపించడం, తుడవడం, మళ్లీ లేపడం. ఏ రోజు ఏ వారమో నాకు మాత్రల డబ్బా చూస్తే గానీ తెలిసేది కాదు. చర్చికి ఎప్పుడైనా వెళితే పక్కింటావిడను కూర్చోబెట్టి, ఆరాధన పొడుగునా గడియారం చూసుకుంటూ ఉండేదాన్ని. ఇంట్లో ప్రార్థనకు కూర్చుంటే మాటలు వచ్చేవి కావు, నిద్ర వచ్చేది. ఇదంతా అలసట, దాన్ని భరించవచ్చు. కానీ ఆ బుధవారం పొద్దున ఆయన గంజి ఉమ్మేశారు. అప్పటికి మూడోసారి, అప్పుడే మార్చిన దుప్పటి మీద. నా చెయ్యి లేచింది. కొట్టలేదు. లేచిన చేతిని ఆయన చూశారు, నేనూ చూశాను. తర్వాత దుప్పటి మళ్లీ మార్చాను. సాయంత్రం చర్చిలో అయ్యగారు బూడిద పెడుతుంటే నా ధ్యాసంతా ఆ చేతి మీదే ఉంది. ఈ మనిషిని నేను ద్వేషించడం మొదలుపెడుతున్నానేమోనని నా భయం.

ఆదివారం ప్రార్థన అన్నమాట చెవిన పడగానే, హలీమ్ వాసనలో నిలబడి ఉన్నదాన్ని, మా అత్తమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. ఆమె పోయి చాలా కాలమైంది.

నేను నల్లకుంట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా మామయ్య మంచంలో ఉన్నారు. యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. నడుము విరిగి కాళ్లు పడిపోయాయి గానీ నోటికి మాత్రం ఏ లోపమూ లేదు. పడుకున్నచోటి నుంచే ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ ఉండాలో చెప్పేవారు. ఆయన పనంతా అత్తమ్మే చేసేది, ఆదివారం తప్ప ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. శ్రమల దినాలు వచ్చాయంటే ఆమె పట్టుదల చూడాలి. మాంసం లేదు, చాయ్‌లో చక్కెర లేదు, కూరకు పోపు కూడా లేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు. నల్లకుంటలో మా అమ్మావాళ్లింట్లో శుక్రవారం ఒక్కపూట మానేస్తే దేవుడు బాగా సంతోషిస్తాడని అనుకునేవాళ్లం. ఇక్కడికొచ్చాక దేవుడి మీద కాస్త జాలి కూడా వేసింది, ఇంత పచ్చిపులుసు చూసి ఆయనకైనా విసుగు రాదా అని.

అయితే ఇదంతా సోమవారం నుంచి శనివారం దాకా. ఆదివారాన్ని అత్తమ్మ చివరిదాకా ఐతారం అనే అన్నది. ఐతారం వచ్చిందంటే ఆమె వేరే మనిషి. చర్చి నుంచి రాగానే యాట మాంసం కూర, బగారన్నం. యాలకులు, లవంగాలు నేతిలో చిటపటమంటుంటే వారమంతా పోపు లేని ఆ ఇల్లు వాసనకు ఉక్కిరిబిక్కిరైపోయేది. నాలుగింటికి రెండు చెంచాల చక్కెరతో చాయ్ తాగి, రంగు చీర కట్టుకుని, కొడుకును తండ్రి మంచం దగ్గర కూర్చోబెట్టి బయటికి వెళ్లేది. మొదటిసారి ఎక్కడికి అత్తమ్మా అని అడిగాను. "ఏడికి లేదు బిడ్డా, చెట్ల కిందికి" అంది. ఆ చెట్లు యూనివర్సిటీవి. మామయ్య ఉద్యోగంలో ఉన్నప్పుడు వాళ్ల క్వార్టరు ఆ లోపలే ఉండేదట. మాణికేశ్వర్ నగర్ వైపు రోడ్డు దాకా తాపీగా నడిచి, ఎక్కడో ఒక చెట్టు కింద కూర్చుని, దీపాలు పెట్టే వేళకు వచ్చేది.

ఆమె నాయన మెదక్ దిక్కు ఒక పల్లెలో ఉపదేశి. పాస్టరు రాని వారాల్లో వాక్యం చెప్పే మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నదట ఈ పద్ధతి. ప్రభువు తిరిగి లేచింది ఐతారం నాడు, కాబట్టి ఆ రోజు ఏడాదిలో ఎప్పుడొచ్చినా పండుగే, ఉపవాసం లెక్కలోకి రాదు. "ఐతారం శ్రమల దినాల్ల ఉంటది గనీ, అది శ్రమల దినం కాదు" అనేది. ఈ సంగతి మా చర్చిలో తెలియనివాళ్లు లేరు. తెలిసినంత మాత్రాన ఇంత ధైర్యంగా యాట కూర వండుకునేవాళ్లూ లేరు.

నేను వచ్చిన మొదటి ఏడాదే ఒక గొడవ జరిగింది. దానికి కారణం మా ఆయన మతిమరుపు. మా ఇంట్లో ప్రార్థన శనివారం ఉండాల్సింది. సంఘంలో ఎవరో పోవడంతో ఆదివారం సాయంత్రానికి మార్చారు. ఆ మాట పొద్దున చర్చి మెట్ల మీద పాస్టరయ్య మా ఆయనకు చెప్పారు, మా ఆయన సరేనన్నారు, సైకిలెక్కేలోపే మరచిపోయారు. ఇంటికొచ్చి బగారన్నం తిన్నారు, తండ్రికి గడ్డం గీశారు, ఆ మంచం పక్కనే కింద చాప మీద పడి నిద్రపోయారు. అత్తమ్మ చెట్ల కిందికి వెళ్లింది. ఆరింటికి గేటు చప్పుడైతే చూద్దును కదా, తెల్లబట్టల్లో ముప్పైమంది, చేతుల్లో పాటల పుస్తకాలు. ముందు పాస్టరయ్య, వెనక స్త్రీల సమాజం పెద్దావిడ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. రాత్రికి వేడి చేద్దామని అప్పుడే కూర గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఇల్లంతా మసాలా వాసన. నా చేతిలో గరిటె. వందనాలు అన్నాను, గరిటెతో సహా చేతులు జోడించి.

చాపలు పరిచాను. అందరూ కూర్చున్నారు గానీ పాట ఎవరూ ఎత్తుకోలేదు. వారమంతా ఉపవాసాలున్న జనం, వంటింటి వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో వాళ్ల మెడలు చూస్తే తెలిసేది. సరిగ్గా అప్పుడు అత్తమ్మ వచ్చింది. నీలం చీర, జడలో మూరెడు మల్లెపూలు. మల్లెలు అప్పుడప్పుడే మొదలైన రోజులు. చౌరస్తాలో కొనుక్కున్నట్టుంది. గుమ్మంలో ఆగి అందరినీ చూసి, నా వైపు చూసి, లోపలి గదిలో నిద్రపోతున్న కొడుకు వైపు చూసి సంగతంతా అర్థం చేసుకుంది. పూలు తియ్యలేదు. "వందనాలు అయ్యగారు. కాళ్లు కడుక్కొని వస్త" అంది.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఊరుకోలేదు. "ఐతారం సంగతి నాకు తెల్వదా అక్కా? తిండి సంగతి ఇడిసిపెట్టు. లోపట మనిషి మంచంల ఉన్నడు. నువ్వేమో పూలు పెట్టుకొని తిరిగొస్తున్నవ్. నీకు మనసెట్ల ఒప్పుతది?" అంది. ఆమె చెడ్డమనిషి కాదు. నిజంగానే అడిగింది. అత్తమ్మ మొహం ఎర్రబడింది. ఎప్పుడూ ఎవరికీ జవాబు బాకీ ఉంచని మనిషి, చెయ్యి జడలోని పూల మీద పెట్టుకుని నిలబడిపోయింది.

జవాబు లోపలి గదిలోంచి వచ్చింది. "ఆమెను పోనియ్యుండ్రి అయ్యగారు. పోకపోతే నన్నే తింటది. నా కంటే యాట కూర మంచిగుంటది" అన్నారు మామయ్య, పడుకున్నచోటి నుంచే.

ముందు పాస్టరయ్య నవ్వారు. ఆయన నవ్వాక ఇక ఎవరు ఆగుతారు. ఆ చప్పుడుకు మా ఆయన నిద్రలేచి వచ్చి, ఇంతమందిని చూసి తల పట్టుకుని "అయ్యో, చెప్పుడు మర్సిన" అన్నారు. మళ్లీ నవ్వులు. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, అంతా పద్ధతిగానే జరిగింది. తర్వాత అందరికీ తలా ఇంత బగారన్నం, రెండేసి ముక్కలు. హెడ్‌మిస్ట్రెస్ గారు మొదట వద్దని, షోర్వా మాత్రం పొయ్యమని, చివరికి మూలుగ బొక్క ఉందేమో చూడమని నన్ను పక్కకు పిలిచి అడిగింది.

వాళ్లంతా వెళ్లాక అత్తమ్మా నేనూ గిన్నెలు తోముకుంటుంటే నాకు ఇంకా నవ్వొస్తోంది. ఆమె నవ్వలేదు. "మీ మామ ఆటకు అన్లేదు బిడ్డా" అంది. "ఆరు దినాలు ఆయనను ఎత్తుత, కడుగుత. ఏడో దినం బయటికి పోకపోతే సోమారం నాడు నాకు ఆయన మొఖం చూడబుద్ది కాదు. ఒకసారి పోలే. ఆ సోమారం ఆయన మీద నీళ్లు పోసుకుంట పోసుకుంట, చెంబు గట్టిగ ఇసిరిన. తగిలింది. ఏమన్లే. వచ్చే ఐతారం ఆయనే అన్నడు, పో, చెట్ల కిందికి పోయి రా అని." కాసేపు గిన్నె తోముతూ ఉండి, "దేవుడు ఐతారం పెట్టింది మన అసుంటోళ్ల కోసమే" అంది. అప్పుడు నాకు పాతికేళ్లు కూడా లేవు. తలూపాను గానీ ఏమీ అర్థం కాలేదు.

మందుల షాపు అతను మాత్రలు కవర్లో వేసి, "ఆంటీ, నుదుటి మీద ఏమో అంటింది" అన్నాడు. అంటనీలే అని డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. ఆయన మేలుకునే ఉన్నారు. నా వైపు చూసి కళ్లు తిప్పుకున్నారు.

మల్కాజ్‌గిరిలో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేశాను. "ఈ ఐతారం వచ్చి నాన్న దగ్గర కూసుంటవా?" అన్నాను. "మమ్మీ, ఎన్ని రోజుల సంది అడుగుతున్న? నీతోటి కాదు, నీకు చేతకాదు అని నువ్వే అంటివి గదా" అంది. ఇప్పుడు రమ్మంటున్న కదా అన్నాను. గొంతు మామూలుగానే పెట్టాననుకున్నాను, అయినా దానికి తెలిసిపోయింది. "వస్త మమ్మీ. సాయంత్రం దాకా ఉంట. నువ్వు ఫోన్ ఇంట్లనే పెట్టి పో" అంది. తర్వాత అమ్మగారికి చేసి శుక్రవారం ప్రార్థన పెట్టమన్నాను. చాయ్ ఒక్కటే, బిస్కెట్లు కూడా ఉండవని ముందే చెప్పాను. "మరి ఆదివారం ఏం ప్రోగ్రాం ఉంది ఆంటీ?" అని అడిగిందా పిల్ల. చెట్ల కిందికి పోవాలి అన్నాను. ఆమెకేం అర్థమైందో గానీ ఆమెన్ అంది.

ఐతారం నాలుగింటికి చక్కెర వేసుకుని చాయ్ తాగి బయల్దేరాను. ఇన్నేళ్లు ఉద్యోగానికి నడిచిన రోడ్డే. ఆకులు రాలే కాలం, చెట్ల కింద పోటీ పరీక్షల పిల్లలు పుస్తకాల్లో తలలు దూర్చి కూర్చున్నారు. ఒక ముసలాయన బండి మీద జామకాయలు కోసి ఉప్పూ కారం చల్లి ఇస్తున్నాడు. ఒకటి కొనుక్కుని సిమెంటు బల్ల మీద కూర్చుని మెల్లగా తిన్నాను. మొదటి పది నిమిషాలు ఎవరో పిలుస్తున్నట్టే ఉంది. ఎవరూ పిలవలేదు. ఎదురుగా మోదుగ చెట్టు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంది. ప్రభువా, మంచిగుంది అనుకున్నాను. చాలా రోజుల తర్వాత నా నోటికి వచ్చిన ప్రార్థన అదే. దాని వెంట ఇంకేమీ అడగాలనిపించలేదు. బాగా ఏడుపొచ్చింది, ఏడ్చాను. పక్క బల్ల మీది అమ్మాయి చూసి, మర్యాదగా పుస్తకంలోకి తల దించుకుంది.

తిరిగి వస్తూ చౌరస్తాలో హలీమ్ కట్టించుకున్నాను. మా ఆయనకు ప్రాణం. పైగా నమలాల్సిన పని లేని తిండి, ఇన్నాళ్లూ నాకే తట్టలేదు. ఉప్పు సంగతి డాక్టరుకు తర్వాత చెప్పుకోవచ్చు. ఇంటికొచ్చేసరికి అమ్మాయి ఆయనకు గడ్డం గీసి, తల దువ్వి కూర్చోబెట్టింది. పక్కన కూర్చుని చెంచాతో పెట్టాను. మొదటి ముద్ద మింగి, రెండోది మింగి, నా చేతి వైపు చూశారు. ఆ చేతి వైపే. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నారు. పెదాలు కదిపి, ఆగి, మళ్లీ కదిపి, ముద్దముద్దగా అన్నారు.

"ఐ... ఐతారమా?"

ఐతారమే అన్నాను. మా అమ్మాయికి మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆయన మళ్లీ గంజి ఉమ్మేశారు. దుప్పటి మార్చి, మూతి తుడిచి, మళ్లీ చెంచా ఎత్తాను. మూడేళ్లుగా నాకు సోమవారం తర్వాత సోమవారమే వస్తూ ఉంది. ఆ రోజు మాత్రం ఐతారం తర్వాత వచ్చింది.