చేపల తొట్టిలో దిష్టిబొమ్మ

ఆ రోజుల్లో భయపడడానికి నాకు చీకటి పడాల్సిన పని ఉండేది కాదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలు చాలు. వడగాలికి జడిసి పటమటలో అందరూ తలుపులూ కిటికీలూ బిగించుకుని పడుకునేవాళ్లు. వీధిలో కుక్క కూడా మొరిగేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం, ముందుగదిలో మా పిల్లలు ముగ్గురూ చాప మీద వరసగా నిద్రపోతున్నారు. పక్కన కూర్చుని చొక్కాకి బొత్తాం కుడుతున్న నాకు, గదిలో ఎవరో గుటక వేసిన చప్పుడు వినిపించింది. 'గుబుక్' అని, ఒకే ఒక్కసారి. పిల్లల వంక చూశాను. ముగ్గురి నోళ్లూ మూసే ఉన్నాయి. నా గొంతు తడారిపోయి ఉంది కాబట్టి అది నా గుటక కాదు. ఇక గదిలో ఉన్నది మూలన బల్ల మీద చేపల తొట్టి. దాని వెనక రేకు మీద, నాలుక చాపిన రాక్షసి ముఖం ఆకుల సందుల్లోంచి నన్నే చూస్తోంది. లేచి వెళ్లి చేపల్ని లెక్కపెట్టాను. ఎర్రచేప లేదు. ఎర్రచేపకి పెట్టుకున్న పేరు మా పెద్దాడి పేరు.

ఇది జరిగి అయిదేళ్లు దాటింది. ఈ రాత్రి నేనిది రాస్తుంటే ఆ ముగ్గురూ పక్కగదిలోనే పడుకున్నారు. పెద్దాడి కాళ్లు మంచం దాటి బయటికి వచ్చేస్తున్నాయి. (ఇప్పటికీ పడుకునే ముందు ఒకసారీ, మధ్యలో ఒకసారీ వెళ్లి ముగ్గురూ ఊపిరి పీలుస్తున్నారో లేదో చూసి వస్తాను. ఈ వాక్యం రాయడానికి ముందు కూడా వెళ్లొచ్చాను.) నేను బీయస్సీ బోటనీ చదివాను. ఆ చదువు నాకు ఆవకాయ కలిపేటప్పుడు ఆవాలు ఏ కుటుంబానికి చెందినవో గుర్తు చేయడం తప్ప మరే పనికీ వచ్చేది కాదు. అందుకే, పళ్ల డాక్టరుగారి గదిలో మొక్కలు పెంచిన చేపల తొట్టి చూసినప్పుడు, నోట్లో నొప్పి సంగతి మరిచిపోయి దాని ముందు నిలబడిపోయాను. నీళ్లలో మొక్కలు, ఆకుల చివర్ల నుంచి ముత్యాల్లా పైకి లేచే గాలిబుడగలు. కాలేజీలో గరాటు బోర్లించి మేము చేసిన ప్రయోగం ఇక్కడ చేపలతో సహా జరిగిపోతోంది. నాకు కూడా అలాంటిది కావాలనిపించింది. పైకి మాత్రం పిల్లలకి కావాలన్నాను.

మావారికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఉంది. పక్కనే లారీలకి బాడీలు కట్టే షెడ్డు. తొట్టి అక్కడే తయారైంది. ఇనుప చట్రం, మూడు వైపులా ఏ బస్సుకో కొట్టించగా మిగిలిన అద్దాలు, వెనక వైపు రేకు, సందుల్లో లప్పం. లారీ వానలో తడిసినా చుక్క లోపలికి రాదు కదా, లోపలి నీళ్లు బయటికి ఎందుకొస్తాయని మావారి తర్కం. రేకు తుప్పు పట్టకుండా నీలం రంగు వేయమన్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ షెడ్డులో పెయింటర్ మామ అని అందరూ పిలిచే ముసలాయన ఒకాయన ఉండేవాడు. కొత్త బండికి దిష్టిబొమ్మ వేయకుండా ఆయన షెడ్డు గేటు దాటనిచ్చేవాడు కాదట. ఇది బండి కాదు, చేపల తొట్టి అని చెబితే, అద్దాలున్నాయి, చూసేవాళ్లుంటారు, చూసేవాళ్లుంటే దిష్టి ఉంటుంది అన్నాడట. అలా మా తొట్టి లోపలి గోడ మీద కోరలు, గుడ్లు, మోకాలి దాకా వేలాడాల్సినంత ఎర్ర నాలుకతో ఒక ముఖం వెలసింది. దాని మీద ఇంకో పూత వేయమంటే ఆయన చెవులు మూసుకున్నాడు.

రంగు వాసన పోయేదాకా వారం రోజులు నీళ్లు పోసి పారబోశాను. ముఖం మాత్రం ఎక్కడికీ పోలేదు. నీళ్లు పోస్తే ఇంకా ముందుకొచ్చినట్టు కనిపించింది. దాన్ని మొక్కలతో కప్పేయడమే దారి అని తేల్చుకున్నాను. హైడ్రిల్లా, పొడుగాకుల వాలిస్నేరియా బందరు కాలవ గుంటల్లో దొరికాయి. అవి ఒత్తుగా పెరగాలంటే ఇసుక కింద ఒండ్రుమట్టి వేయాలి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి అడుగున ఒండ్రు తేలికగా దొరుకుతుంది. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉండే మా అత్తయ్యకి ఉత్తరం రాశాను. నాలుగో రోజుకి బస్సు మీద గోనెసంచి దిగింది. పెళ్లలు చిదపొద్దనీ, చిదిపితే వేళ్లకి పట్టుండదనీ ఆవిడ కండక్టరు చేత కబురు కూడా చేసింది. నేను అక్షరాలా పాటించాను. మట్టి పెళ్లలు పెళ్లలుగానే పేర్చి, పైన ఇసుక పరిచి, మొక్కలు నాటి, నీళ్లు పోశాను. (మొదట కాచి చల్లార్చిన నీళ్లు పోశాను. చేపల్ని కూడా చంటిపిల్లల్లా పెంచుతావా అని మావారు నవ్వితే మానేశాను.) పదిహేను రోజులు నీళ్లు పాలు కలిపిన కాఫీలా ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

నీళ్లు తేరాక గవర్నరుపేటలో రంగుచేపలు అమ్మే ఆయన దగ్గర్నుంచి చేపలు తెచ్చాం. డజను చిన్న గప్పీలు, మూడు పెద్ద చేపలు. ఎర్రది పెద్దాడిది, నల్లది అమ్మడిది, నారింజరంగుది బుజ్జిగాడిది. వాటికి వాళ్లు తమ పేర్లే పెట్టుకున్నారు. అప్పుడే వద్దని చెప్పాల్సింది. గప్పీలు తగ్గిపోతున్న సంగతి నేను గమనించనేలేదు. పేర్లు లేనివాళ్లని ఎవరు లెక్కపెడతారు? రెండు వారాలకోసారి మాత్రం శ్రద్ధగా నీళ్లు మార్చేదాన్ని. డ్రైవర్లు డీజిల్ లాగినట్టు రబ్బరు ట్యూబు నోట్లో పెట్టుకుని పీల్చి, బకెట్లోకి వదలాలి. ఆ ట్యూబు రెండో చివర దగ్గర ఎవరుండేవారో తలుచుకుంటే ఇప్పటికీ నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

ఎర్రచేప పోయిన రోజు సాయంత్రమే పెద్దాడు ప్రహరీ గోడ మీంచి పడి మోకాలు చీల్చుకున్నాడు. నేను ఆ రెండు సంగతుల్నీ కలపలేదు. నేను బీయస్సీ. బల్ల కింద, బీరువా వెనక, గుమ్మాల మూలల్లో చచ్చిన చేప కోసం వెతికాను. తొట్టి మీద జల్లెడ మూత వేసే ఉంది. చచ్చిపోతే తేలాలి కదా అన్నారు మావారు. తేలలేదన్నాను. అయితే చావలేదు, ఆకుల్లో ఎక్కడో ఉంటుందన్నారు. మర్నాడు పిల్లలు ఆడుకుంటుండగా రిక్షా ఎక్కి గవర్నరుపేట వెళ్లి అచ్చం అలాంటిదే తెచ్చి తొట్టిలో వదిలేశాను. నాలుగు రోజులకి అదీ లేదు. మళ్లీ తెచ్చాను. ఆ తర్వాత నల్లది పోయింది. అదే రోజు రాత్రి అమ్మడికి జ్వరం తగిలింది. ఆ తర్వాత నా బీయస్సీ నాకు తోడు రాలేదు.

మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు ఆ చేపలాయన సంచిలో నీళ్లు పోస్తూ, "మీ ఇంట్లో చేపలేమన్నా పైచదువులకి వెళ్తన్నాయాండీ? ఎప్పుడొచ్చినా ఎర్రదొకటి, నల్లదొకటి అంటారు," అన్నాడు. సంచి అందుకుని రిక్షా ఎక్కేశాను. తొట్టిలో మొక్కలు మాత్రం పుస్తకంలో బొమ్మలా పెరిగిపోతున్నాయి. వాలిస్నేరియా ఆకులు రేకు ముందు పొడుగ్గా లేచి, పైకొచ్చి వంగి, ముఖాన్ని దాచడానికి బదులు దానికి జుట్టులా తయారయ్యాయి. నీళ్లు కదిలితే ఆ జుట్టు కదిలేది. గాలి లేని మధ్యాహ్నాల్లో కూడా కదిలేది. వెనకనుంచి రోజుకి మూడు నాలుగుసార్లు 'గుబుక్'. పెయింటర్ మామ వేసిన నోరు గుటకలు మింగుతున్నట్టే ఉండేది. మావారికి చెబితే, దిష్టిబొమ్మ దిష్టిని తింటుంది గానీ చేపల్ని తినదన్నారు.

నారింజరంగు చేప ఒక్కటే మిగిలింది. అంటే బుజ్జిగాడు మిగిలాడు. వాడికి నాలుగేళ్లు. మెట్ల దగ్గరికి పోనివ్వను, నూతి వైపు పోనివ్వను, ఎండలోకి పోనివ్వను. "అమ్మా, దొడ్లోకి ఒక్కణ్నే వెళ్తానే" అని వాడు బతిమాలితే, వెళ్లు నాన్నా అని వెనకాలే చెంబు పట్టుకుని నిలబడేదాన్ని. ఇదంతా ఎవరితో చెప్పను? ఒక తల్లి తన కూతురి జ్వరానికి మందు డాక్టరు దగ్గర కాకుండా చేపల కొట్లో వెతుకుతోందని ఎలా చెప్పను? (మందు కూడా వేశానులెండి. రెండూ చేశాను.)

అమ్మడి జ్వరం సంగతి తెలిసి అత్తయ్య ఉయ్యూరు బస్సెక్కి వచ్చింది. ఆ మధ్యాహ్నం పిల్లలతో పాటు లోపలిగదిలో పడుకుంది. నేను తొట్టి ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఇవాళ కళ్లు తిప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. గది మసకగా ఉంది. తొట్టి మీది బల్బు ఒక్కటే వెలుగుతోంది. నారింజచేప ముందువైపు అద్దానికి దగ్గరగా, అచ్చం బుజ్జిగాడు నా కొంగు పట్టుకున్నట్టు, కదలకుండా ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ ముఖం జుట్టు నెమ్మదిగా రెండు పాయలుగా విడిపోయింది. తెరిచిన నోట్లోంచి, ఎర్రనాలుక పైనుంచి, ఇంకో తల బయటికొచ్చింది. చదునైన తల. పాము తల. రెప్పలు లేని రెండు కళ్లు. అది నన్ను చూస్తూనే నిటారుగా పైకి లేచి, నీటి అంచుకి మూతి తాకించి 'గుబుక్' అని గాలి మింగి, వచ్చిన దారినే నోట్లోకి వెళ్లిపోయింది. అరుద్దామని నోరు తెరిచాను. నా గొంతులోంచి కూడా 'గుబుక్' అనే వచ్చింది.

ఎలా వెళ్లానో తెలియదు, వెళ్లి అత్తయ్యని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తొట్టిలో పాముందని మాత్రం చెప్పగలిగాను. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని, పెట్టుకుని, అద్దానికి ముక్కు ఆనించి తీరిగ్గా చూసింది.

"పామేంటి అమ్మాయ్, మట్టగిడస. మన కాలవదే. నేను పంపిన మట్టిలో పడుకునొచ్చినట్టుంది."

కాలవ ఎండితే ఈ చేప ఒండ్రులోకి దూరి, నీళ్లొచ్చేదాకా చచ్చినట్టు పడి ఉంటుందనీ, పైకొచ్చి గాలి పీల్చడం దాని అలవాటనీ, ఆ బొమ్మ నోటి ముందున్న ఆకుల గుబురే దాని గూడనీ ఆవిడే చెప్పింది. నువ్వు నీళ్లు పోశావు, లేచింది, ఆకలేసింది, తింది, దాని తప్పేముందంది. డెల్టాలో పుట్టిన ఏ చంటిపిల్లాణ్ని అడిగినా చెబుతాడట. మా బోటనీలో చేపలు లేవు. పెళ్లలు చిదిపి ఉంటే ఆ రోజే దొరికేది. నెలన్నరగా నేను రిక్షాలో తిరిగి దానికి క్యారేజీ అందిస్తున్నానన్న మాట.

"బాగా మేపావు. పులుసుకొచ్చింది," అంది అత్తయ్య, జాకెట్టు చెయ్యి పైకి మడుస్తూ.

"వద్దత్తయ్యా. దాని కడుపులో మన పిల్లల పేర్లున్నాయి."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీ ఆయనకి చిన్నప్పుడు పొంగు పోసింది," అంది. "అదే వారం పెరట్లో బీరపాదు వాడిపోయింది. ఆ పాదు లేస్తే వీడు లేస్తాడని మూడు రోజులు కుండలకి కుండలు నీళ్లు పోశాను. పాదు కుళ్లిపోయింది. వాడు చూడు, ఎంత లావయ్యాడో." అని, అరచేతులకి బూడిద రాసుకుని తొట్టిలో చెయ్యి పెట్టి, ఒక్క పట్టున దాన్ని పట్టేసి బకెట్లో వేసింది. పైన పళ్లెం మూసి రుబ్బురోలు పొత్రం పెట్టాం. (అమ్మడి జ్వరం ఆ పొద్దున్నే దిగిపోయిందనీ, అప్పటికింకా మట్టగిడస తొట్టిలోనే ఉందనీ నాకు తట్టడానికి రెండు రోజులు పట్టింది.)

తేలికైన దారి ఒకటి ఉంది. ఇంకో ఎర్రది, ఇంకో నల్లది తెచ్చి వేసేస్తే పిల్లలకి ఎప్పటికీ తెలియదు. సాయంత్రం చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ముగ్గుర్నీ బకెట్ చుట్టూ కూర్చోబెట్టి పళ్లెం తీసి చూపించాను. మీ చేపల్ని ఇది తినేసిందన్నాను. మీకు చెప్పకుండా కొత్తవి తెచ్చి వేస్తూ వచ్చానన్నాను. ఏడుస్తారని కొంగు సిద్ధంగా పట్టుకున్నాను.

"నాకు తెలుసమ్మా," అన్నాడు పెద్దాడు. "నా దానికి తోక మీద చిన్న చిరుగుండేది. కొత్తదానికి లేదు. నువ్వు భయపడతావని చెప్పలేదు."

అమ్మడు కూడా తల ఊపింది. దానికి వీడే చెప్పాడట, అమ్మకి తెలియనివ్వొద్దని. బుజ్జిగాడు మాత్రం, "నాది ఉందిగా," అని తొట్టి దగ్గరికి పరిగెత్తాడు.

ఆ ఇరవై తొమ్మిదేళ్ల పిల్లని తలుచుకుంటే ఇవాళ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. ఆవిడ ఇంట్లో అందరినీ కాపాడుతున్నాననుకుంటుంటే, ఎనిమిదేళ్లవాడు ఆవిడని కాపాడుతున్నాడు. కాలవకి అప్పుడే నీళ్లొదిలారు. బకెట్ పట్టుకుని నలుగురం బందరు కాలవ గట్టుకి వెళ్లాం. మట్టగిడస నీళ్లలో పడి, ఒకసారి పైకొచ్చి 'గుబుక్' అని, ఇక కనిపించలేదు. తిరిగి వస్తూ వాళ్లతో ఒకటే మాట చెప్పాను: "ఇంకెప్పుడైనా భయమేస్తే దాచుకోవద్దు, నన్ను లేపండి. నాకూ భయమే. మధ్యాహ్నమైనా సరే, అందరం కలిసి వెళ్లి చూద్దాం."