పగటిపూట వచ్చిన జవాబులు

నేను జీవశాస్త్రం చెప్పే బడి కొత్తకోటకూ పెబ్బేరుకూ నడుమ, హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఇల్లు వనపర్తిలో. రోజూ బస్సు దిగి ఆటో ఎక్కి వెళ్తాను.

ఫోనుతో పాఠం చెప్పడం నేను ఇష్టపడి నేర్చుకున్న పని కాదు. బళ్లు మూతపడిన రోజుల్లో తప్పక నేర్చుకున్నాను. బళ్లు తెరిచాక చాలామంది ఆ పని వదిలేశారు గానీ నాకు అలవాటు పోలేదు. తొమ్మిదో తరగతి పిల్లల ఇళ్లలో ఉన్న నంబర్లన్నీ కలిపి ఫోనులో ఒక గ్రూపు నడిపేదాన్ని. పాఠం చెప్పిన రోజు దాని సారాంశం ఐదారు నిమిషాలు నా గొంతుతో రికార్డు చేసి అందులో పెట్టేదాన్ని. శుక్రవారం ఉదయం బస్సులో కూర్చుని పది ప్రశ్నల లింకు పంపేదాన్ని. పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లి అది నొక్కితే ప్రశ్నలు వరసగా వస్తాయి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎన్ని ఒప్పో చివర్లో అప్పటికప్పుడే కనిపిస్తుంది. సోమవారం నాడు మొదటి ముగ్గురి పేర్లు నా స్టేటస్‌లో పెట్టేదాన్ని. ఆ ముగ్గురి ఇళ్లలో అది పెద్ద సంబరం.

కొందరు మగపిల్లలు ఒకే లింకు నాలుగైదుసార్లు నొక్కి, తప్పులు దిద్దుకుని, పదికి పది తెచ్చుకుంటున్నారని తెలిసింది. ఒక ఫోను నుంచి ఒక్కసారే జవాబు వెళ్లేలా మార్చాను. నా తెలివికి ఆ రోజు నేనే మురిసిపోయాను.

అప్పటి నుంచి స్టేటస్‌లో వారం వారం ఒక పేరు వస్తూ ఉంది. వెనక నుంచి రెండో వరసలో కూర్చునే అమ్మాయి పేరు అది. పిలిస్తే తప్ప మాట్లాడని పిల్ల. పదికి పది, లేకపోతే తొమ్మిది. మొదట సంతోషించాను. కానీ తరగతిలో లేపి అడిగితే ఆ పిల్ల తడబడేది. వేరు పీల్చిన నీళ్లను ఆకుల దాకా మోసే కణజాలం ఏదని ఒకరోజు అడిగితే దారువుకు బదులు పోషక కణజాలం అంది. అదే ప్రశ్నకు ఫోనులో సరైన జవాబే వచ్చింది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో జవాబుల పట్టిక తెరిచి చూశాను. ప్రతి జవాబు పక్కనా అది చేరిన సమయం ఉంటుంది. అంతకుముందు ఎప్పుడూ అటు చూడలేదు. మిగతా పిల్లలవన్నీ సాయంత్రానివి. ఈ పిల్లవి మాత్రం ఒంటిగంట దాటాక, లేదా ఒకటిన్నరకు. ఆ వేళకు ఆమె బళ్లో, నా కళ్లముందే ఉంటుంది. బడికి ఫోను తేకూడదు.

ఎవరో చదువుకున్నవాళ్లు ఇంటి దగ్గర కూర్చుని పెడుతున్నారనుకున్నాను. పక్కకు పిలిచి అడిగి ఉండవచ్చు. అలా చేయలేదు. తరగతిలోనే నిలబెట్టాను.

"నీ జవాబులు ఎవరు పెడుతున్నరు?"

తల దించుకుంది.

"నిన్నే అడుగుతున్న. నువ్వు ఈడ కూసుంటే జవాబులు ఇంటికాడి నుంచి ఎట్ల వస్తున్నయ్?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనీయలేదు. ఎవరో ముసిముసిగా నవ్వారు. నేను కూర్చోమన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. స్టేటస్‌లోంచి ఆమె పేరు తీసేసి, గ్రూపులో ఇలా రాశాను: "జవాబులు పిల్లలే పెట్టాలి. ఇంట్లోవాళ్లు పెట్టి పిల్లలను మోసం చేయడం నేర్పవద్దు." పేరు రాయలేదు. రాయనక్కర్లేకుండా పోయింది. పొద్దున స్టేటస్‌లో ఉన్న పేరు సాయంత్రానికి లేకపోతే ఎవరి సంగతో ఊరంతటికీ తెలుస్తుంది కదా.

మర్నాడు ప్రార్థన అయ్యాక స్టాఫ్‌రూమ్ గడప అవతల ఒకామె వచ్చి నిలబడింది. పనికి పోతూ వచ్చినట్టుంది. చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా, చేతిలో సద్దిగిన్నె మూట. చెప్పులు బయటే విడిచింది.

"మేడం, నిన్న మీరు నిలబెట్టిన పిల్ల తల్లిని నేను. తప్పు నాది, నా బిడ్డది గాదు. జవాబులు పెట్టింది నేనే."

లోపలికి పిలిచి కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మార్కులు రావాలని పెట్టినవా అమ్మా? దానివల్ల పిల్లకే గద నష్టం," అన్నాను. ఇంకా నాకు ఉపదేశం చేయాలనే ఉంది.

"మార్కులకు గాదు మేడం. నాకు వస్తయా రావా, జర సూసుకుందామని."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది.

"నేను ఏడు దాంక సదివిన. ఎనిమిదికి వేరే ఊరు పోవాలె. ఆడపిల్ల గంత దూరం పోతదా అన్నరు. గాడికే ఆగిపాయె. ఇప్పుడు మీరు పాఠం పంపుతరు గద, చేన్ల కలుపు తీసేటప్పుడు ఫోను గట్టు మీద పెట్టి మీ మాట ఇంట. నాతోని ఉన్న ఆడోళ్లు గుడ ఇంటరు. అన్నం తిన్నంక ప్రశ్నలు నొక్కుత. పేరు కాడ నా పేరు రాస్తే తీసుకుంటదో లేదో తెల్వదు, బిడ్డ పేరే రాసిన. పదికి పది అని వస్తది సూడు మేడం, ఆ పొద్దు పని అల్కగ, బరువు తెల్వకుంట అయితది."

ఆమె మాట నిజమో కాదో చూద్దామన్న అనుమానం నాలో ఇంకా కొంచెం మిగిలే ఉంది. రెండు వారాల కిందట ఒక ప్రశ్న ఇచ్చాను. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, వేరుశనగలలో వేరు కానిది ఏదని. సగం తరగతి తప్పింది.

"దానికి వేరుశనగ అని ఎట్ల రాసినవ్?" అని అడిగాను.

మొదటిసారి తలెత్తి నా ముఖం చూసింది. "పల్లి పువ్వు వాడినంక ఊడ దిగి మట్టిల పడ్తది, ఆడ కాయ అయితది. మేం సూస్తనే ఉంటం గద మేడం. పేరుల ఏరున్నంత మాత్రాన ఏరైతదా?"

నాకు నవ్వు వచ్చింది. పక్క బల్ల దగ్గరున్న లెక్కల సారు కూడా నవ్వారు. ఆమె ముఖం కాస్త తేరుకుంది. సద్దిమూట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మరి గ్రూపులకెళ్లి నన్ను తీసేస్తరా మేడం?"

"ఎందుకు తీసేస్త అమ్మా," అని, అటెండరుతో ఆ అమ్మాయిని పిలిపించాను. తల్లిని అక్కడ చూసి ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"మరి నువ్వు ప్రశ్నలు చేయవా?" అన్నాను.

"చేస్త మేడం."

"ఫోనుల ఎందుకు పెట్టలే?"

"ప్రశ్నలు కనపడ్తయ్ గని, ఒకసారి జవాబు పోయినంక మల్ల తీసుకుంటలేదు మేడం. నోట్‌బుక్కుల రాసుకుంటున్న."

తెమ్మన్నాను. రఫ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో ఏడు వారాల ప్రశ్నల నంబర్లు వేసి, ఎదురుగా పెన్సిల్‌తో జవాబులు రాసుకుంది. తర్వాత తరగతిలో నేను సరైనవి చెప్పినప్పుడు తనకు తానే దిద్దుకుంది. ఒక వారం ఐదు, ఒక వారం ఆరు, ఒకసారి ఎనిమిది. ఎనిమిది కింద రెండు గీతలు గీసుకుంది. అది ఎవరికీ చూపించలేదు.

తల్లి ఆ పుస్తకం అందుకుని ఒక్కో పేజీ తిప్పింది. తను ముందే పంపేస్తే కూతురిది ఆగిపోతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"నాకెందుకు చెప్పలేవే?" అంది.

"నువ్వు సంబురపడుతుంటివి గదమ్మా," అంది కూతురు.

తల్లి మడతపడిన పేజీ మూలలను వేలితో ఒక్కొక్కటీ సాపుచేస్తూ నిలబడింది. ఒక్కసారే అన్న తలుపు వేసింది నేను. మోసం అన్న మాట రాసిందీ నేనే.

ఆ రోజే గ్రూపులో మెసేజ్ తీసేశాను. అప్పటికి అందరూ చదివేశారు. తప్పు నాదేనని, ఆ పిల్ల ఎవరినీ మోసం చేయలేదని మరొకటి రాశాను. రాయడం తేలికగానే అయింది. తరగతిలో మాత్రం పీరియడ్ చివరికి గానీ చెప్పలేకపోయాను. "నిన్న నేనన్న మాట తప్పు. తెలుసుకోకుండ అన్న. ఏమనుకోకు బిడ్డా," అన్నాను. ఆ పిల్ల తలెత్తి చూస్తుందని, కొంచెమైనా నవ్వుతుందని అనుకున్నాను. నోట్‌బుక్ మీద నుంచి చూపు తీయలేదు.

ఒక ఫోనుకు ఒక్కసారే అన్న నియమం ఎత్తేశాను. తర్వాతి వారం ఆ అమ్మాయి అసలు మార్కులు వచ్చాయి. ఆరు. "ఇప్పుడు తెలిసింది అసలు సంగతి," అని ఎవరో అంటుంటే విన్నాను. మొదటి ముగ్గురి పేర్లు స్టేటస్‌లో పెట్టడం ఆ సోమవారమే మానేశాను.

పెద్దవాళ్ల కోసం వేరే లింకు పెట్టాను. మొదటి వారం ఒకే ఒక్క జవాబు, ఒంటిగంటా పది నిమిషాలకు. ఈసారి పేరు దగ్గర ఆ తల్లి తన పేరే రాసుకుంది. నెల తిరిగేసరికి నలుగురయ్యారు. చదవడం రాని ఒకామె ప్రశ్నలు చదివించుకుని జవాబులు చెప్పేదట. ఆమె పేరుతో నొక్కేది ఈమే. ఒక శనివారం బడి ఒంటిపూట ఉంటే చూద్దామని ఆ చేనికి వెళ్లాను. దూరం నుంచి నన్నెవరూ పోల్చలేదు. "బాగున్నరా అమ్మా" అనగానే అందరూ ఒకేసారి లేచి, "ఓయమ్మ, మన ఫోను మేడం గొంతే!" అన్నారు.

ఆ తల్లి అప్పుడప్పుడు ఎదురు ప్రశ్నలు కూడా పంపేది. నేలలో తడి ఉన్నా మిట్టమధ్యాహ్నం పత్తి ఆకు ఎందుకు వాలుతుంది, పొద్దుగూకేసరికి మళ్లీ ఎట్లా లేస్తుంది అని ఒకసారి అడిగింది. ఆకులు నీటిని ఆవిరిగా వదలడం గురించి ఎన్నో ఏళ్లుగా చెబుతున్నా, ఆ పాఠం ఇక్కడ మొదలుపెట్టాలని నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడు అక్కడే మొదలుపెడుతున్నాను.

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఆమె పేరు రాయించాం. "ఈ వయసుల గీ సదువేంది?" అని భర్త ఒకటి రెండుసార్లు అన్నాడట. పరీక్షల రోజుల్లో మాత్రం బండి మీద ఎక్కించుకుని వనపర్తి దాకా దింపాడు. కూతురు బళ్లో పది రాసిన ఏడాదే తల్లి కూడా రాసింది. కూతురు ఒక మోస్తరు మార్కులతో అన్నీ పాసైంది. తల్లికి సైన్సులో కూతురికంటే ఎక్కువ వచ్చాయి. ఇంగ్లీషు పోయింది.

ఆ అమ్మాయి ఇప్పుడు వనపర్తిలో ఇంటర్ చదువుతోంది. ఈ మధ్య ఒక సాయంత్రం వనపర్తి నుంచి వాళ్ల ఊరివైపు పని మీద వెళ్తుంటే, కాలేజీ అయ్యి ఇంటికి పోతూ బస్సులో కనిపించింది. నన్ను చూసి లేచి సీటు ఇవ్వబోతే, పక్కనున్నావిడను జరగమని ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం. బళ్లో ఉన్నన్నాళ్లూ నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని పిల్ల. అమ్మ ఎట్లుందని అడిగాను.

"ఇంగ్లీషు మల్ల రాస్తది మేడం. ఐతారం ఐతారం కాలేజీ ఉండదు గద, నేనే చెప్తున్న. ఎన్నిసార్లు చెప్పినా స్పెల్లింగులు మరిసిపోతది, నాకు కోపమొస్తది."

"ఏమంటది మరి, కోపం చేస్తే?"

"నవ్వుతది," అంది. తనూ కొంచెం నవ్వింది.

ఆమె దిగే చోటు వచ్చింది. సంచీ భుజానికి వేసుకుని, "మీరు కలిసిన్రని అమ్మకు చెప్త మేడం," అని దిగిపోయింది.