మూసేసిన బోరు నుంచి వచ్చిన కబురు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమనేవాళ్లన్నా లేదు. ఇంట్లో నన్ను మొండోడంటారు. అననీ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పావగడ సోలార్ పార్కులో ఒక చిన్న కంపెనీకి నేను కంప్యూటర్ల పని చూస్తాను. ప్యానెళ్ల లెక్కలన్నీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వరుకు చేరతాయి. ఆ సర్వరుకు ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. అది మా సొంతం కాదు. ఎందరో వాడుకునే ఉమ్మడి అడ్రసుల్లోంచి ఒకటి తీసుకుంటాం, పనయ్యాక వదిలేస్తాం, అది ఇంకొకరికి పోతుంది. అద్దె ఇంట్లో దిగితే పాత కాపురం వాళ్ల ఉత్తరాలు మనకొచ్చినట్టే, పాతవాళ్ల మిషన్లు కొన్నాళ్లు ఆ అడ్రసుకే కబుర్లు పంపుతుంటాయి. అందుకే కొత్త అడ్రసు తగిలించిన రోజు తలుపు తట్టేది ఎవరో చూసి, అక్కర్లేనివి ఆపేస్తాను.

పోయిన ఎండాకాలం అలాగే కొత్త అడ్రసు తీసుకున్నాను. ఎప్పటిలాగే చెత్తంతా వచ్చింది. దాని మధ్యలో ఒక చిన్న మెసేజ్. బోరులో నీళ్లు నూట పది అడుగుల్లో ఉన్నాయని, పక్కనే ఆ చోటు మ్యాపు అంకెలు. ఏ దేశం బోరో చూద్దామని సరదాకి మ్యాపులో వేశాను.

రాయచెర్లు. మా మేనత్త హనుమక్క పార్కుకు లీజుకిచ్చిన చేను.

ప్యానెళ్లు రాకముందు ఒక చిన్న కంపెనీ వాళ్లు ఊళ్లో బోర్లకు నీటిమట్టం కొలిచే డబ్బాలు పెట్టి, తర్వాత దుకాణం ఎత్తేసి పోయారు. వాళ్లు వదిలేసిన అడ్రసే చేతులు మారి మాకొచ్చిందన్నమాట. అన్ని అడ్రసుల్లో అదే రావడం చిత్రమే గానీ, జరగకూడనిదేం కాదు. అయితే ఆ బోరు ఎప్పుడో ఎండిపోయింది. దాని మీద బండ వేసి, చుట్టూ ప్యానెళ్లు నిలబెట్టేశారు.

అప్పటికి మా అత్త గొర్రెలన్నీ అమ్మేయడానికి సిద్ధపడి ఉంది. కుంట ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు మనుషులకే చాలడం లేదు. లీజు డబ్బులు వస్తున్నాయి కదా, అమ్మేసి హాయిగా కూర్చోమని నేనే చెప్పాను. చిన్నప్పట్నుంచీ గొర్రెల వెంట తిరిగిన మనిషి, అన్నం సహించక ముసుగు తన్ని పడుకుంది. మరుసటి రోజే బేరగాడు వస్తాడు.

మెసేజ్ సంగతి చెప్పగానే లేచి చెప్పులేసుకుంది. సైట్ ఇంజినీరును బతిమాలి లోపలికి పోయాం. ప్యానెళ్లు కడిగేవాళ్లు గడ్డపారలతో బండ జరిపారు. అత్త పైపులోకి ఒక రాయి వదిలి, చెవి ఆనించి వింది.

"నీళ్లుండాయప్పా," అంది. కళ్ల నిండా నీళ్లు.

తాడు దింపి కొలిచాం. సరిగ్గా నూట పది అడుగులు.

చేలన్నీ పార్కుకు పోయి చుట్టుపక్కల మోటర్లు ఆగి ఏళ్లయింది, నీళ్లు మళ్లీ ఊరి ఉంటాయి. అందులో వింత లేదు. నేను డబ్బా కోసం వెతికాను. అది బిగించిన ఇనుప పట్టీ తుప్పు పట్టి ఉంది, అంతే. డబ్బా లేదు, వైరు లేదు. పాత కంపెనీ ఆయన్ను ఫోన్లో పట్టుకుంటే, పోయేటప్పుడే అన్నీ పీకేశామన్నాడు. ఆ డబ్బా ఇంకెక్కడో పనిచేస్తోందా అంటే, అక్కడి లోతూ ఇక్కడి లోతూ ఒకటెలా అవుతాయి? పాత మెసేజ్ ఆలస్యంగా చేరిందా అంటే, డబ్బా పెట్టేనాటికే ఈ బోరు అడుగంటింది, నూట పది అడుగుల్లో నీళ్లు అప్పట్లో ఎప్పుడూ లేవు. ఆ మెసేజ్ మళ్లీ రాలేదు.

ఇదంతా అత్తకు చెప్పబోతే విసుక్కుంది. "నీళ్లుండాయని తెలిసె. ఎవురు చెప్తే ఏందప్పా?"

బేరగాణ్ణి వాకిట్లోంచే పంపేసింది. పార్కు వాళ్లను ఒప్పించి మోటరు దింపాక తొట్టి నిండింది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగుతుంటే, అత్త తొట్టి గట్టు మీద కూర్చుని ఒక్కొక్కదాని వీపూ నిమిరింది. అది చూస్తుంటే ఎవరికైనా దణ్ణం పెట్టుకోవాలనిపించింది, నాలాంటివాడికి. చేతులైతే జోడించాను. ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.